తుమ్మిన సన్నాయి

పాకాల నుంచి మా పల్లెకు వచ్చే దోవలో, మామిడితోపు దాటినాక ఒక మలుపు ఉండాది. ఆ మలుపులో ఒక పెంకుటిల్లు. పొద్దు గూకినాక ఆ ఇంటి ముందర ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు. దగ్గొస్తే తువ్వాల నోట్లో కుక్కుకునేవాళ్ళు. పక్కన నడిచే మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు.

ఏంటికంటే... ఆ ఇల్లు తిరిగి పలికేది.

ఊరికే పలికితే బావి పలికినట్టో, కొండ పలికినట్టో అనుకోవచ్చు. ఈ ఇల్లు మాటతో పలికేది కాదు. సన్నాయితో పలికేది.

నేను రాసేదాంట్లో చూసింది తక్కువ, విన్నది జాస్తి. మా ఇంటాయన చెప్పింది, మైకుసెట్టు ఏబెల్ చెప్పింది, ఆ ఇంటి పాప చెప్పింది — అన్నీ ఒక తావ పెట్టి రాస్తా ఉండాను. రెండువేల అయిదో సంవత్సరం, మాఘమాసం. మామిళ్ళు విరగబూసి ఉండె ఆ ఏడు.

ఆ ఇల్లు ధనంజయన్నది. సన్నాయి ధనంజయ అంటే ఇటు చిత్తూరు, అటు తిరుపతి దాకా పెండ్లి చేసినోళ్ళకు తెలుసు. ఆయన సన్నాయి ఊదితే పక్కన నిలబడి డోలు వాయించింది మా ఇంటాయన. మొగుని పేరు నోటితో చెప్పకూడదంటారు గానీ, కాగితం మీద రాస్తే తప్పు లేదనుకుంటా. చెంగయ్య. ముప్పై ఏండ్లు ఇద్దరూ ఒకే బస్సు, ఒకే చాప, ఒకే ఆకులో వక్క.

ధనంజయన్నకు పొడుం అలవాటు. సన్నాయి నోట్లో పెట్టుకునే ముందర చిటికెడు పొడుం ముక్కుకెక్కించాల, తుమ్మాల. ఒకటి కాదు, రెండు కాదు... మూడు. ఎప్పుడూ మూడే. మూడో తుమ్ము పడినాకనే శ్రుతిపెట్టె మొదలు. పెండ్లింట్లో పిలకాయలు ఆయన ముందర కూర్చొని వేళ్ళు ముడిచి లెక్కపెట్టేవాళ్ళు.

మేళగాళ్ళలో ఒక పద్ధతి ఉండాది. తాళి కట్టే నిమిషంలో పెండ్లి చేయించే అయ్యవారు వేలెత్తి ఊపితే డోలు సందు లేకుండా దడదడ మోగాల. గట్టిమేళం అంటారు. ఆ నిమిషంలో ఎవరు తుమ్మినా, ఎవరు అనకూడని మాట అన్నా, అది పెండ్లికూతురి చెవిన పడకూడదని. ఒకసారి దామలచెరువు పెండ్లిలో, తాళి ఎత్తినారు, సరిగ్గా అప్పుడు ధనంజయన్నకే ముక్కు అదిరింది. అయ్యవారి వేలు లేవకముందే మా ఇంటాయన పుల్ల డోలు మీద పడింది. మూడు తుమ్ములూ ఆ మోతలో కలిసిపోయినాయి. ఒక్కరికీ తెలియలేదు.

ఆ పొద్దు నుంచి మా ఇంటాయన చేతికి అదొక జబ్బు. తుమ్ము వినబడితే చాలు, చెయ్యి ఆయన మాట వినదు. ఇంట్లో నేను తుమ్మినా సరే, అందిన చెంబు మీదో తపేలా మీదో దడదడ వాయించేస్తాడు. జలుబు చేసిందంటే నేను పెరట్లోకి పోయి తుమ్మి వచ్చేదాన్ని.

ధనంజయన్న పోయి అప్పటికి రెండేండ్లు. రొమ్ములో ఊపిరి నిలవలేదు. ఆయనకున్నది ఒకే కూతురు, ప్రసన్నకుమారి. తిరుపతిలో దేవుని పాటల సీడీలు చేసే అంగట్లో పని. తండ్రి దినాలు అయినాక ఇంటికి తాళం వేసి పోయింది. మా ఇంటాయన డోలుకు పాత దుప్పటి చుట్టి అటక మీద పెట్టేసినాడు. నేను దించమంటే, "జోడు లేనిది ఏంటికి దించేది" అన్నాడు. అంతే.

ఇంటికి తాళం ఉండాది... లోపల సన్నాయి మోగుతా ఉండాది. అదీ సంగతి.

మొదట దెబ్బ తినింది ఏబెల్. ఏబెల్‌ది మైకుసెట్టు. గుళ్ళో కల్యాణమైనా, చర్చిలో పండగైనా ఆయప్ప ట్యూబులైట్లే, ఆయప్ప గొట్టాలే. ఒక శనివారం రేత్రి సైకిల్ మీద పెట్టె కట్టుకొని పాకాల నుంచి వస్తా ఉంటే, సరిగ్గా మలుపులో చైను ఊడింది.

"థూ, నీ చైను తగలెయ్య" అన్నాడంట, మెల్లగానే.

ఇంట్లోనుంచి సన్నాయి... ఆ మాటనే పలికింది. మాట లేదు. ఆ ఎత్తు, ఆ దించుడు, ఆ ఇసుగు, అచ్చం అదే.

ఏబెల్ దగ్గినాడు. సన్నాయి దగ్గింది.

"యెవురది?"

సన్నాయి కూడా అడిగింది, యెవురది అని.

ఆయప్ప మోకాళ్ళ మీద పడి ప్రార్థన మొదలుపెట్టినాడంట. ప్రార్థన కూడా సన్నాయిలోనే తిరిగొస్తా ఉంటే, ఆమెన్ దాకా ఉండకుండా సైకిల్ ఆడనే పడేసి ఊర్లోకి వచ్చి పడినాడు. తెల్లారి పోయి తెచ్చుకున్నాడు.

"అది ధనంజయన్నే" అని రచ్చకట్ట కాడ చెప్పినాడు. "కానీ జలుబు చేసినట్టు ఉండాది గొంతు."

"దెయ్యానికి జలుబేంది అప్పా?" అని నవ్వినారు.

నవ్వినోళ్ళు ఒక్కొక్కరే పోయి చూసినారు. నవ్వు మానేసినారు. శనివారాలే మోగుతాదని తెలిసింది. ఇంట్లో దీపం ఉండదు, ఫ్యాను చప్పుడు ఉండదు, చీకటి. తలుపు సందులో మాత్రం నీలంగా వెలుతురు... పీరుపండగ మసీదు దీపం మాదిరి కాదు, మిణుగురు మాదిరీ కాదు. కదలకుండా, సల్లగా ఉండె అన్నారు.

ఎవరు చెప్పినా మా ఇంటాయన తల వంచుకొని వినేవాడు. ఒకనాడు మాత్రం ఏబెల్‌ను పక్కకు పిలిచి అడిగినాడు.

"రాగం ఏం రాగమప్పా?"

"నేను పారిపోతా ఉండా సామీ. రాగం యాడ చూసేది?"

ఇదిట్ల ఉండగా గుడి కల్యాణం వచ్చింది. గుడి కమిటీ పెద్ద చక్రధర్, మామిడికాయల వ్యాపారం ఆయప్పది, మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ తాగినాడు. కాఫీ అయినాక గొంతు సవరించుకున్నాడు.

"మామా, నీ మీద నాకు కోపమా? డోలు ఒకటే మోగితే దండోరా వేసినట్టు ఉంటాది. సన్నాయి లేని మేళం మేళమా? చిత్తూరులో కరెంటు మేళం చూసి వచ్చినాను. మోటారు తిరిగితే గంట, తాళాలు, నగారా, అన్నీ ఒకే దెబ్బకు. అలిసిపోదు, అలగదు, కాఫీ అడగదు."

"గట్టిమేళం ఎవరు చెప్తే వాయిస్తాది?" అన్నాడు మా ఇంటాయన.

"స్విచ్చి వేస్తే వాయిస్తాది."

"స్విచ్చి కాడ మనిషి వేసేలోపల ఎవరైనా తుమ్మితే?"

చక్రధర్ ఆలోచన చేసినాడు.

"తుమ్మొద్దని ముందే మైకులో చెప్తాం మామా."

మా ఇంటాయన నవ్వలేదు. నేను నవ్వినాను, లోపలికి పోయి.

"ఆదివారం పొద్దున ఆటోలో పెట్టె దిగుతాది" అన్నాడు చక్రధర్ లేస్తా. "శనివారం రేత్రికి ఒక సన్నాయిని తెచ్చి చూపించు. పెట్టెను వద్దంటాను. మాట."

ఆ పెట్టె ఒకసారి గుళ్ళోకి వస్తే మళ్ళీ బయటికి పోదు. అది మా ఇద్దరికీ తెలుసు. మా ఇంటాయన నాయన నిలబడి వాయించిన తావు అది, ధ్వజస్తంభం పక్కన. ఆయన చెమట పడి పడి ఆ బండ నున్నగా అయిందని చెప్తారు. ఆ తావులో మోటారు కూర్చుంటాది ఇంక.

నాలుగు దినాలు తిరిగినాడు. పాకాల, చంద్రగిరి, పూతలపట్టు. మాఘమాసం, ముహూర్తాల కాలం. సన్నాయి పట్టినోడల్లా ఏదో ఒక పందిట్లో ఉండాడు. శనివారం సాయంత్రం ఉత్త చేతులతో వచ్చి, సంగటి ముద్ద ముందర పెట్టుకొని, తినకుండా దానివైపే చూస్తా కూర్చున్నాడు.

చూసి చూసి లేచినాడు. నిచ్చెన వేసి అటక ఎక్కినాడు. దుప్పటి దుమ్ము దులిపిన చప్పుడు వినిపించింది.

"ఏంటికి దించేది?" అన్నాను నేను.

"సన్నాయిని అడిగొస్తా."

"ఏ సన్నాయిని?"

"ఉండేది ఒకటే కదే ఈ ఊర్లో."

"దెయ్యాన్ని పిలుచుకొని గుళ్ళోకి ఎట్ల పోతావయ్యా?"

"రమ్మని అడుగుతా ముందు. గుళ్ళోకి రాలేనంటే గుడి బయట నిలబడి ఊదమంటా. గోడకు ఈ పక్క నేను, ఆ పక్క ఆయన. చక్రధర్ సన్నాయి కావాలన్నాడు. ఊపిరి ఉండే సన్నాయి కావాలని అనలేదే."

ఇట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం.

"పోతే పో. నేను తలుపేసుకొని పండుకుంటా" అన్నాను.

ఈడ నుంచి మా ఇంటాయన చెప్పిందే.

రేత్రి బండి కూత వేసి పాకాలకు పోయింది. తోపులో గాలి లేదు. పూత వాసన మాత్రం గొంతులో దిగబడేటట్టు ఉండాది. మలుపులో ప్రహరీగోడ కాడ నిలబడి డోలు మెడకు తగిలించుకున్నాడు. వాయించలేదు. చేత్తో పట్టుకొని ఉన్నాడు, అంతే.

ఇంట్లో దీపం లేదు. తలుపు సందులో నీలం వెలుతురు...

మొదలైంది.

మల్లారి. దేవుడు గుళ్ళోనుంచి బయటికి వచ్చేటప్పుడు ఊదేది. ధనంజయన్న మల్లారి ఎట్ల ఎత్తుకుంటాడో ఊర్లో ఇంకెవరికీ తెలియదు, మా ఇంటాయనకు తెలుసు. మొదటి అడుగు వేసి, ఒక క్షణం ఆగి, రెండో అడుగు కొంచెం లేటుగా వేస్తాడు... పల్లకి మోసేవాళ్ళు భుజం సర్దుకునేదానికి. ఆ ఆగుడు ఉండాది. ఆయనే.

మా ఇంటాయనకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. భయంతో కాదు.

కానీ వినేకొద్దీ ఏదో తేడా. స్వరాలన్నీ సరిగ్గా ఉండాయి. ఒక స్వరం మీద నుంచి ఇంకొక స్వరం మీదికి ధనంజయన్న నూనె మీద జారినట్టు జారుతాడు. ఇది మెట్టు మెట్టుకు ఆగి దిగుతా ఉండాది. ఏబెల్ చెప్పినట్టు జలుబు కూడా ఉండాది.

పోయినోళ్ళకు ఊపిరితిత్తులు ఉండవు కదా, పాపం ఎట్లనో లాక్కొస్తా ఉండాడు అనుకున్నాడంట.

"ధనంజయన్నా" అన్నాడు మెల్లగా.

మల్లారి ఆగింది. సన్నాయి పలికింది... ఆ పిలుపునే. మెల్లగా.

"అన్నా, నేను. చెంగయ్యను."

సన్నాయి అది కూడా పలికింది.

"జారుడు తప్పినావన్నా" అన్నాడు. ముప్పై ఏండ్ల అలవాటు, ఊరుకోలేకపోయినాడు.

జారుడు తప్పినావన్నా, అన్నది సన్నాయి. మా ఇంటాయనకు కోపం వచ్చింది. "నేనా తప్పింది? నువ్వా?" అన్నాడు. సన్నాయి తిరిగి ఆయన్నే అడిగింది.

చచ్చినా ఈ మనిషి తప్పు ఒప్పుకోడు అనుకున్నాడు. ఆ కోపంలోనే అసలు సంగతి చెప్పినాడు.

"రేపు కల్యాణమన్నా. నువ్వు రాకుంటే నా తావులో పెట్టె కూర్చుంటాది. ఈ ఒక్కసారి రా. గోడకు ఆ పక్క నిలబడు చాలు. ఒక్కసారి."

ఈసారి అంత మాటా సన్నాయి తిరిగి పలికింది. చివర "ఒక్కసారి" అన్నప్పుడు గొంతు వణికింది కదా మా ఇంటాయనకు, ఆ వణుకు కూడా పలికింది.

ఆ తరువాత చప్పుడు లేదు.

కుక్క మొరగలేదు. ఆకు కదలలేదు. లోపల ఏదో కుర్చీ జరిగినట్టు ఉండె... ఆగిపోయింది. ఎవరో ఊపిరి బిగబట్టుకొని ఉన్నట్టు ఉండాది ఆ ఇల్లు. మా ఇంటాయన కూడా బిగబట్టుకున్నాడు. ఎంతసేపో తెలియదు.

అప్పుడు...

సన్నాయి తుమ్మింది.

ఒకటి.

రెండు.

మూడు.

మా ఇంటాయన ఏమీ ఆలోచన చెయ్యలేదు. ఆలోచన చేసే అవకాశం ఆ చేతికి ఎప్పుడు ఉండింది కనుక. పుల్ల లేచింది, గట్టిమేళం పడింది. రెండేండ్లు అటక మీద పడుకున్న డోలు, ఆకలిగొన్నట్టు మోగింది.

డోలు పడిందో లేదో సన్నాయికి పిచ్చి పట్టింది. కీచు, బొంగురు, పైకి, కిందికి, ఒకేసారి పది సన్నాయిలు కొట్లాడుకున్నట్టు. డోలు ఎంత గట్టిగా పడితే అది అంత గట్టిగా అరుస్తాది. అది అరిచేకొద్దీ మా ఇంటాయన చెయ్యి ఆగదు. ఊర్లో కుక్కలన్నీ లేచినాయి. కోళ్ళు లేచినాయి. ఏబెల్ టార్చిలైటు తీసుకొని, చక్రధర్ లుంగీ ఎగ్గట్టుకొని, ఇంకా నలుగురు కర్రలతో పరిగెత్తుకొచ్చినారు.

పక్క తలుపు తెరుచుకుంది.

నీలం వెలుతురులో జుట్టు విరబోసుకొని ఒక ఆడమనిషి. చేతిలో పొడుగ్గా నల్లగా ఏదో ఉండాది. ఏబెల్ టార్చి కింద పడేసినాడు.

"ఎవరు మీరు, మా నాయనను పిలిచేది?" అని ఆ ఆడమనిషి అడిగింది. తరువాత డోలు చూసింది. "చిన్నాయనా... నువ్వా?"

ప్రసన్నకుమారి. చేతిలో ఉండేది తండ్రి సన్నాయి. తండ్రి పేరు తప్ప మిగిలిన మాటలు సన్నాయి మోతలో కలిసిపోయినాయంట, దెయ్యం వస్తే కొడదామని గోడ మీది నుంచి తీసుకున్నదంట.

అందరూ లోపలికి పోయినారు. పాత కంప్యూటరు ఒకటి, నీలం వెలుతురు దానిదే. పక్క కిటికీ గట్టు మీద మైకు, చెక్క విరిగిన కిటికీ. ముందర గదిలో రెండు స్పీకర్లు.

"ఈ మైకులో నేను పాడితే, పెట్టె నా గొంతును సన్నాయిగా మారుస్తాది చిన్నాయనా. నేను ఎంత ఎత్తు పాడితే అంత ఎత్తు, ఎంతసేపు ఆపితే అంతసేపు. మా అంగట్లో పాతది ఇచ్చేస్తే తెచ్చుకున్నా. దీంట్లో మన సన్నాయి లేదు, ఉత్తరాది షెహనాయి ఒకటి ఉండాది. దాన్నే కొంచెం దించి పెట్టుకున్నా."

"జలుబు అందుకా" అన్నాడు ఏబెల్.

"మరి చీకట్లో ఏంటికమ్మా?" అన్నాడు చక్రధర్.

ట్యూబులైటు వేస్తే దాని గుయ్యిమనే చప్పుడు మైకులో పడి, అది కూడా ఒక స్వరం అయి కూర్చుంటాదంట. ఫ్యానుతో అదే తిప్పలు. పెట్టె తన సన్నాయిని తానే వింటే తిక్క పట్టి అదే పలుకుతా ఉంటాదంట, అందుకే స్పీకర్లు ముందర గదిలో, మైకు ఈడ. తిరుపతిలో అద్దె గది, పక్కింటోళ్ళు ఊరుకోరు. అందుకే శనివారం సాయంత్రం బండి దిగి తోపు వెనక దోవన వచ్చి, ముందర తాళం తియ్యకుండా పక్క తలుపు తెరుచుకొని, ఆదివారం చీకటితోనే పోయేది.

"ఈ దోవన పోయేవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడతా ఉంటారు. నేను పాడి పెట్టెలో దాచుకునేదాంట్లో అది పడిపోతాది. మళ్ళీ తుడిచి మళ్ళీ పాడాల. ఒకరోజు ఎవరో ప్రార్థన కూడా చేసినారు ఈడ కూర్చొని, ఎంత తిట్టుకున్నానో."

ఏబెల్ పైకప్పు చూసినాడు.

"నీకు మల్లారి ఎట్ల వచ్చు పాపా?" అన్నాడు మా ఇంటాయన. "మీ నాయన నీ చేతికి సన్నాయి ఎప్పుడూ ఇయ్యలేదే."

"ఇయ్యలేదు. ఆడపిల్ల ఊదేది కాదన్నాడు. కానీ నేర్చుకునేదానికి వచ్చినోళ్ళందరూ ముందు నోటితో పాడాల కదా చిన్నాయనా. ఏడాది పాడినాకనే సన్నాయి ముట్టుకోనిచ్చేది. వాళ్ళకు తాళం వేసేదానికి నన్ను కూర్చోబెట్టినాడు. వాళ్ళు నేర్చుకొని పోయినారు. నేను పాడతానే ఉండిపోయినా."



"ఆ జారుడు ఏమైంది మరి?" అన్నాడు మా ఇంటాయన.

"దీంట్లో జారుడు ఆపి పెట్టినా. జారితే తప్పులు పడతాయి."

"పడనీ. జారు."

ఆ పాప ఏదో నొక్కింది. కిటికీ కాడికి పోయి కండ్లు మూసుకొని ఎత్తుకుంది. మొదటి అడుగు... ఆగుడు... రెండో అడుగు. ఈసారి మెట్లు లేవు. నూనె. మా ఇంటాయన కూర్చున్నచోటనే డోలు అందుకున్నాడు. డోలు చప్పుడు పెట్టెలో పడకుండా ముందరగదిలోకి పొమ్మని ఆ పాపే తరిమింది.

చక్రధర్ మాత్రం ఊరుకోలేదు. "ఇదీ పెట్టే కదా మామా. దానికి నేను తెచ్చే పెట్టెకు తేడా ఏంది?"

"నీ పెట్టె ముందర నిలబడి నీ పేరు చెప్పు. ఏం చేస్తాదో చూద్దాం. ఇప్పుడు దీని ముందర చెప్పు."

చక్రధర్ సిగ్గుపడతా మైకు కాడికి వంగినాడు. "చక్రధర్" అన్నాడు.

ముందరగదిలోనుంచి సన్నాయి ఆయప్ప పేరు పలికింది. పెండ్లికొడుకును పిలిచినట్టు.

ఆయప్ప మళ్ళీ చెప్పినాడు. ఇంటిపేరుతో సహా చెప్పినాడు. నాయన పేరు, తాత పేరు చెప్పినాడు. చివరికి ఏబెలే ఆయప్ప లుంగీ పట్టుకొని పక్కకు లాగినాడు. చిత్తూరుకు పొద్దున్నే ఫోను పోయింది, ఆటో రావద్దని.

కల్యాణం బాగా జరిగింది. ధ్వజస్తంభం పక్కన మా ఇంటాయన. మండపం వెనక గదిలో తెర కట్టి ప్రసన్న, ఏబెల్ వైర్లు. తలంబ్రాల బియ్యం తెచ్చిన పక్కూరోళ్ళు సన్నాయి ఊదేదెవరని తెర ఎత్తి చూసినారు. ఉత్త నోటితో పాడతా ఉండే పాపను చూసి తెర దించేసినారు. మాంగల్యం ఎత్తినప్పుడు ఎవరో తుమ్మినారంట. ఎవరికీ వినబడలేదు.

ఆ తరువాత కూడా ఏండ్ల తరబడి వాళ్ళిద్దరూ వాయించినారు. కరెంటు మేళం మా గుళ్ళోకి ఈ పొద్దుటికీ రాలేదు.

తుమ్ము సంగతి ఒకటి మిగిలి ఉండాది.

ఆ రేత్రే, అందరూ పోయినాక, మా ఇంటాయన ప్రసన్నను అడిగినాడంట. "దెయ్యమనుకొని భయపడితివి సరే, తుమ్మేది ఏంటికి పాపా? నీ తుమ్ముకే కదా నా చెయ్యి లేచింది."

"నేనా? నేను ఊపిరే తీసుకోలేదు చిన్నాయనా. తుమ్మింది నువ్వనుకున్నా. కిటికీ పక్క నుంచి వినబడె."

"నేను తుమ్మలేదే."

ఆ పాప పెట్టెలో వెతికింది. మైకులో పడిన ప్రతి చప్పుడుకూ తెర మీద ఇటుకరాయి మాదిరి ఒక గుర్తు పడతాదంట. పడని చప్పుడుకు గుర్తు ఉండదు. డోలు చేసిన రచ్చకు ముందర, ఖాళీగా ఉండే తావులో, గుర్తులు ఉండాయి. ఇద్దరూ వేలు పెట్టి లెక్కపెట్టినారు. మూడు.

గూట్లో ధనంజయన్న పొడుం డబ్బీ అట్లనే ఉండాది. మా ఇంటాయన దానికి దండం పెట్టి ఇంటికి వచ్చినాడు. జోడు పిలిచినాడు, అందుకే నా చెయ్యి లేచింది అని ఇప్పటికీ చెప్తాడు. చెప్పేటప్పుడు మొఖం చూడాల ఆయనది.

ఇంక నేను దాచిపెట్టింది. మా ఇంటాయనకు చదువు రాదు. నేను రాత్రిబడిలో నేర్చుకుంటి గాబట్టి రాస్తా ఉండాను. చదివినోళ్ళు ఎవరూ పోయి ఆయనకు వినిపించొద్దు.

ఆ రేత్రి నేను తలుపేసుకొని పండుకోలేదు. ఆయన అట్ల పోంగానే ఒక చేత్తో చీపురు, ఒక చేత్తో పాత చెప్పు పట్టుకొని తోపు వెనక దోవన పోయినాను. ప్రహరీ విరిగిన తావులో దూరి, కిటికీ కింద గోరింటాకు చెట్టు వెనక కూర్చున్నాను. దెయ్యం ఆయన మీదికి వస్తే వెనక నుంచి కొడదామని. మామిడిపూత రాలి రాలి ఆ చెట్టంతా పొడి పొడిగా ఉండాది. ఆయన "ఒక్కసారి" అని బతిమాలిన గొంతు వింటా ఉంటే నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదకుండా కొంగు అడ్డం పెట్టుకున్నాను. పూత పొడి ముక్కులోకి పోయింది. ఆపుకున్నాను... ఆగలేదు.

తుమ్మినాను. కిటికీ గట్టు మీది ఆ మైకుకు మూరెడు దూరంలో.

లోపలినుంచి సన్నాయి అంత గట్టిగా తుమ్మేసరికి నా తుమ్ము నాకే వినబడలేదు. డోలు పడంగానే చీపురు ఆడనే పారేసి పరిగెత్తినాను. ఆయన ఇంటికి వచ్చేసరికి దుప్పటి ముసుగు పెట్టుకొని గుర్రు కూడా పెట్టినాను.

చెప్తే ఆయన మొఖం చిన్నబోతాదని చెప్పలేదు. జోడు పిలిచినాడనే కదా ఆయన డోలు మళ్ళీ దుప్పట్లోకి పోలేదు. అది ఒకటి.

ఇంకొకటి కూడా ఉండాది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ దీపం ఆర్పేదానికి చెయ్యి రాదు. తెర మీద మూడు గుర్తులని ఇద్దరూ లెక్కపెట్టి చూసినారు కదా.

నేను తుమ్మింది ఒక్కసారే.